హద్దు దాటిన చుక్కలు

"కొత్త ఆవకాయ వచ్చిందా అండీ?"

"వచ్చింది. ఇంకా ఊరలేదు."

"మూత తీసి చూస్తే గాని చెప్పలేం."

కౌంటర్ వెనకున్న పెద్దమనిషి కందిపప్పు పొట్లాలు సర్దడం ఆపి, కళ్ళజోడు పైనుంచి ఓసారి చూశాడు. ఆక్లండ్ శివారు పాపకూరలో ఆ కొట్టుకి వచ్చేవాళ్ళందరికీ ఆయన మధుసూదనరావు అంకుల్. వెల్లింగ్టన్‌లో బోర్డు లేని ఒక ఆఫీసుకి మాత్రం సెక్షన్ చీఫ్. ఆవకాయ అడిగినవాడు విద్యాసాగర్, ఆ సెక్షన్ ఏజెంట్. వయసు యాభైకి దగ్గర. ఒకసారి చూసి మరిచిపోయే ముఖం. ఆ ఉద్యోగానికి అంతకన్నా వరం లేదు.

వెనక గదిలో బియ్యం బస్తాల మధ్య బ్రీఫింగ్.

"కూర్చోవోయ్."

"ఫర్వాలేదు సార్. నిలబడతాను."

"నువ్వు నిలబడవు. అటూ ఇటూ తిరుగుతావు. నిన్ను చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. కూర్చో."

విద్యాసాగర్ బస్తా మీద కూర్చున్నాడు. కుడికాలు దానంతటదే ఊగడం మొదలుపెట్టింది.

"గాడ్విట్ దిగింది," అన్నాడు చీఫ్.

గాడ్విట్ అంటే ఏటా సముద్రం మీదుగా ఆగకుండా ఎగిరొచ్చి న్యూజీలాండ్ బురదనేలల్లో వాలే పక్షి. సెక్షన్ భాషలో అది ఒక విదేశీ ముఠా పేరు. లేబొరేటరీల్లో పుట్టే కొత్త ఆలోచనల్ని చెడగొట్టి, పరువు పోయాక చవగ్గా ఎత్తుకుపోవడం వాళ్ళ వ్యాపారం.

"డాక్టర్ హిమజ తెలుసా? గుంటూరు పిల్ల. ఫ్లాట్ బుష్‌లో ఉంటుంది. డి.ఎన్.ఏ. పోగుల్ని మడిచి డబ్బా చేసింది. కంటికే కాదు, మామూలు మైక్రోస్కోపుకి కూడా ఆననంత డబ్బా. లోపల మందు. దానికి మూత, మూతకి తాళం. రక్తంలో తిరిగినంతసేపూ మూత బిగుసుకుని ఉండాలి. కేన్సర్ గడ్డ తగిలితేనే తెరుచుకోవాలి."

"దారిలో తెరుచుకుంటే?"

"అది మందు కాదు, విషం. వచ్చే శనివారం మొదటి మనిషికి ఎక్కిస్తున్నారు. ఆ మనిషి పోతే ప్రాజెక్ట్ మూసేస్తారు. ఆ మర్నాడే గాడ్విట్ వాళ్ళ కంపెనీ సానుభూతితో వచ్చి కొనేస్తుంది."

"అనుమానం ఎలా వచ్చింది సార్?"

చీఫ్ బల్ల కింద నుంచి ఒక ఆవకాయ సీసా తీశాడు. "గాడ్విట్‌లో మన మనిషి ఒకతె ఉంది. అమృత. లేబ్‌కి ఇన్వెస్టర్లని తెచ్చే కన్సల్టెంటు వేషం. నెల రోజులుగా కబురు లేదు. మనల్ని వదిలేసి వాళ్ళ మనిషే అయిపోయిందనుకున్నా. నిన్న కొట్టుకొచ్చింది. నోరు విప్పలేదు. ఈ సీసా కొని, మూత తిప్పి, వదులుగా పెట్టి, కౌంటర్ మీదే వదిలేసి పోయింది."

"డబ్బా మూత వదులైందంటోంది."

"కానీ హిమజ దగ్గరున్న గ్రాఫులో, అదే వాళ్ళ ప్లాట్‌లో మూత ఇనప్పెట్టెలా ఉంది. సేఫ్టీ కమిటీ కూడా పాస్ చేసింది. ఋజువు లేకుండా ఆపితే గాడ్విట్ ఎగిరిపోతుంది, ఏం చెడగొట్టారో మనకి తెలియకుండా పోతుంది. ఆ ప్లాట్లు గీసే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంది, ప్లగిన్. ఆ ప్లగిన్‌ని కాన్ఫిగర్ చేసేవాడు కావాలని లేబ్ వాళ్ళు అడిగారు. ఆ కాంట్రాక్టర్‌వి నువ్వే. మరో మాట. డిజైన్ హిమజ లాప్‌టాప్ దాటి బయటికి రాదు. లేబ్ రూలు. ఏం చేసినా ఆవిడ లాప్‌టాప్‌లోనే చెయ్యాలి."

వెళ్ళేముందు చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. "దగ్గర్లో దొంగ ట్రాన్స్‌మిటర్ ఉంటే వేడెక్కుతుంది. ఒకటే లోటు. రాయదు."

బయట వాన పడుతోంది. విద్యాసాగర్ కారు దాకా వెళ్ళేలోపు ఆగింది. అంతమాత్రానికే మనసులో ఎవరికో థాంక్స్ చెప్పుకున్నాడు.

*

హిమజ మనిషి చురుకు. మాట ఇంకా చురుకు. పాపకూర పక్కనే టకానినిలో కొత్త ఇల్లు కట్టించుకుంటోంది. ఒక చెవిలో బిల్డరు, రెండో చెవిలో లేబు.

"సాగర్ గారూ, ఇదీ మా డబ్బా." లాప్‌టాప్ తెర మీద రంగురంగుల పోగులతో అల్లిన చిన్న పెట్టె నీళ్ళలో ఉన్నట్టు వణుకుతోంది. "దీన్ని కంప్యూటర్లోనే రక్తంలో వదిలినట్టు వదులుతాం. క్షణక్షణం మూతకీ అంచుకీ మధ్య దూరం ఎంతో ప్లగిన్ కొలిచి, చుక్కలు పెట్టి, వాటిని కలిపి గీత గీస్తుంది. గీత కిందనే ఉంటే మూత పడి ఉన్నట్టు. లేచిందా, తెరుచుకున్నట్టు."

"ఈ గీత కింది నుంచి లేవలేదు."

"అందుకే పాస్ అయ్యాం! మీరు అందంగా గీయించండి చాలు. రిపోర్టులో పెట్టాలి."

విద్యాసాగర్ మూడు రోజులు ఆ లాప్‌టాప్ ముందు కూర్చుని సెట్టింగులన్నీ కొత్తగా రాశాడు. ఏ పోగు నుంచి ఏ పోగుకి కొలవాలి, ఎంతసేపటికోసారి కొలవాలి, నిలువు గీత ఎక్కడిదాకా ఉండాలి, అన్నీ. మళ్ళీ గీయించాడు. అదే గీత. పడుకున్న పాములా నున్నగా, కదలిక లేకుండా.

అదే అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. పెట్టె వణుకుతోంది. గీత వణకడం లేదు. నీళ్ళలో ఉన్నది ఏదైనా అంత ప్రశాంతంగా ఎలా ఉంటుంది? లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు, వచ్చాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"బాబూ, కాలు కాలిందా?"

తెరిచి ఉన్న తలుపు అవతల, లేబ్ కారిడార్‌లో బెంచీ మీద ఒక ముసలాయన. ఒళ్ళో ప్లాస్టిక్ సంచి నిండా ఫీజోవాలు. ఏప్రిల్ వస్తే పెరట్లో చెట్టున్న ప్రతివాడూ ఆ ఆకుపచ్చ పళ్ళు ఎవరికో ఒకరికి అంటగట్టాల్సిందే.

"శేషయ్యనయ్యా. పాపకూరలో ఉంటాను. ఇరవయ్యేళ్ళు ఇక్కడ బస్సు నడిపా. శనివారం నాకే ఎక్కించేది." రెండు పళ్ళు చేతిలో పెట్టాడు. "హిమజమ్మ అన్నీ ఇంగ్లీషులో చెప్పింది. తలూపాను. నాకు అర్థమైంది ఒకటే. డబ్బా, దానికో మూత. మూత గట్టిదేనా బాబూ?"

ఏజెంటుగా విద్యాసాగర్ ఎన్నో అబద్ధాలు ఆడాడు. ఈ ఒక్కటి నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"చూస్తున్నానండీ," అన్నాడు.

"చూడు. నిదానంగా చూడు. నాకేం తొందర్లేదు," అని ముసలాయన నవ్వాడు.

అప్పుడే జేబులో పెన్ను వెచ్చబడింది.

కారిడార్ చివర నుంచి ఆమె వస్తోంది. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, ఎడమచేతికి వెడల్పాటి వెండి కంకణం. పక్కన గ్రెగ్ అనే పొడుగాటి ఇన్వెస్టరు. మెరిసే నల్లబూట్లు, పాతికేళ్ళుగా ఆక్లండ్‌లోనే ఉంటున్నానని అడగనివాళ్ళకి కూడా చెప్పే అలవాటు. ఆమె కంకణం చెయ్యి దగ్గరవుతున్నకొద్దీ పెన్ను కాలసాగింది. గుండె మీద చురుక్కుమంది.

"ప్లాట్ మనిషి మీరేనా?" అంది అమృత. "బాగా వచ్చిందటగా. ఎంత నున్నగా ఉందో! చేత్తో నిమరాలనిపిస్తుంది."

"నిజమండీ. ఒక్క గతుకు కూడా లేదు."

"గతుకుల్లేని రోడ్డు టకానినిలో కూడా లేదు సాగర్ గారూ." నవ్వింది. కళ్ళద్దాల వెనక కళ్ళు నవ్వాయో లేదో తెలియలేదు. గ్రెగ్ ఆమె మోచెయ్యి పట్టుకుని ముందుకి నడిపించాడు.

ఆ సాయంత్రం విద్యాసాగర్ కారులోంచే ఫోన్ చేశాడు. "సార్, ట్రాన్స్‌మిటర్ అమృత మీదే ఉంది. కంకణంలో."

"అయితే వాళ్ళ మనిషే అయిపోయిందన్నమాట," అన్నాడు చీఫ్. ఆ గొంతులో కోపం కన్నా దిగులే ఎక్కువ వినపడింది.

శుక్రవారం హిమజ చెప్పింది. "రేపు మా గృహప్రవేశం. మీరూ రావాలి. ముహూర్తం అద్భుతంగా ఉందట. పాలు పొంగగానే, ఆ ఘడియలోనే ఫోన్లో వేలిముద్ర వేసి అప్రూవల్ ఇచ్చేస్తా. అక్కడ ఆస్పత్రిలో శేషయ్యగారికి డ్రిప్ మొదలవుతుంది. గ్రెగ్‌గారి ఐడియా! మన సెంటిమెంట్లంటే ఆయనకి ఎంత గౌరవమో."

*

టకానినిలో కొత్త కాలనీ. అన్ని ఇళ్ళకీ ఒకే బూడిద రంగు కప్పు. ఏ ఇల్లో వెతుక్కునే పని లేకపోయింది. గుమ్మం ముందు అరవై జతల చెప్పులు. వీధి పొడవునా అడ్డదిడ్డంగా కార్లు. కేటరింగ్ ఏప్రన్ కట్టుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, గ్యారేజ్‌లో పులిహోర కలుపుతున్నది మధుసూదనరావు.

"తేలిందా?" అన్నాడు పెదవి కదపకుండా.

"లేదు సార్."

"పాలు పొయ్యెక్కబోతున్నాయి."

హాల్లో హోమం. వారమంతా గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపి శనివారాలు పౌరోహిత్యం చేసే వీరేశం శాస్త్రి, నెయ్యి గరిటెతో సిద్ధంగా ఉన్నాడు.

"అమ్మా, ముందు దాని సంగతి చూడండి," అని పైకప్పుకేసి చూపించాడు. తెల్లటి పొగ అలారం. ఆ దేశంలో గృహప్రవేశాలు చేసుకున్న ప్రతి తెలుగు కుటుంబానికీ దానితో ఒక కథ ఉంటుంది. మొదటి సమిధ వెయ్యగానే అది కెవ్వుమనడం, పక్కింటివాళ్ళు ఫైరింజన్‌ని పిలవడం. అందుకే హోమం రోజున దాని మూతికి ప్లాస్టిక్ తొడుగు వెయ్యడం గణపతి పూజకన్నా ముందు జరిగే పూజ.

"నేను వేస్తా," అంది అమృత. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి హోటల్ షవర్ క్యాప్ తీసింది. కుర్చీ ఎక్కి, దాన్ని అలారానికి తొడిగి, చుట్టూ సర్దింది. తొడిగాక కిందికి దిగలేదు. కళ్ళద్దాలు తలపైకి నెట్టుకుని జనంలో విద్యాసాగర్‌నే వెతికి చూసింది. ఆ క్యాప్ మీద ఒక్కసారి వేలితో తట్టి, దిగింది.

శాస్త్రి అగ్ని రాజేశాడు. కర్పూరం, నెయ్యి, సమిధలు. పొగ పైకి లేచి కప్పు కింద మేఘంలా నిలబడింది. అలారం కిక్కురుమనలేదు.

విద్యాసాగర్ కాలు ఊగడం ఆగిపోయింది.

అలారం మోగలేదు. అంటే పొగ లేదని కాదు. తొడుగు ఉందని.

గీత లేవలేదు. అంటే మూత లేవలేదని కాదు! లేచిన ప్రతిసారీ ఆ చుక్కని ఎవరో గీయనివ్వడం లేదు. హద్దు దాటిన చుక్కల్ని వదిలెయ్యమని ఎక్కడో ఒక సెట్టింగ్ ఉంది. మిగిలిన చుక్కల్ని కలిపితే నున్నటి గీతే వస్తుంది. కానీ ఎక్కడ? సెట్టింగులన్నీ తనే రాశాడే!

వంటగదిలోంచి కేక. "పాలు అంచుకొచ్చాయి!" ఆడవాళ్ళంతా అటు కదిలారు. హిమజ పసుపు చేతులు తుడుచుకుంటూ ఫోన్ కోసం చూస్తోంది. ఫోన్ పట్టుకుని ఆమె పక్కనే గ్రెగ్. లాప్‌టాప్ పూజ గదిలో దేవుడి పటం ముందు కుంకుమబొట్టుతో తెరిచి ఉంది.

ఆలోచించడానికి టైం లేదు. విద్యాసాగర్ కుర్చీ ఎక్కి షవర్ క్యాప్ పీకేశాడు.

మరుక్షణం ఇల్లు చెవులు పగిలేలా అరిచింది. ఒక గదిలో మొదలైన కూత ఇంకో గదికి, దాన్నుంచి మేడ మీదికి పాకింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. "అందరూ బయటికి!" అని ఎవరో ఇంగ్లీషులో, ఎవరో తెలుగులో అరిచారు. గ్రెగ్ హిమజ భుజం పట్టుకుని లాన్‌లోకి నడిపించాడు. ఫోన్ అతని చేతిలోనే ఉంది.

విద్యాసాగర్ పూజ గదిలోకి దూకాడు. వెనకే తలుపు మూసుకుంది. జేబులో పెన్ను నిప్పుకణిక. అమృత!

"కదలొద్దు," అన్నాడు. ఆ మోతలో తన మాట తనకే వినపడలేదు.

ఆమె అతని చెవి దగ్గరికి వంగి అరిచింది. "ఇప్పుడు మాట్లాడొచ్చు! ఈ కంకణానికి తాళం వేశారు. నెల నుంచి ఊపిరి తీసినా వింటున్నారు. ఈ గోలలో ఇది చెవిటిది!"

ఆ క్యాప్ ఎందుకు తెచ్చిందో, తనకేసి ఎందుకు చూసిందో, ఇప్పుడు మొత్తంగా అర్థమైంది.

"ఎక్కడ పెట్టారు?"

"నేనే పెట్టాను. నా ముందు నిలబడి పెట్టించాడు గ్రెగ్. మీరు రాసింది ప్రాజెక్ట్ సెట్టింగులు. హిమజ సొంత ఫోల్డర్లో ఇంకో సెట్టింగ్ ఫైలు ఉంది. రెండూ ఉంటే ప్లగిన్ దాని మాటే వింటుంది!"

ఇంటి పెద్ద ఎన్ని చెప్పినా వంటింట్లో చెల్లేది ఇల్లాలి మాట. ఇంతకాలం తను హాల్లో కూర్చుని కేకలేశాడన్నమాట. విద్యాసాగర్ ఆ ఫోల్డర్ తెరిచాడు. ఫైలు తీసి పారేశాడు. మళ్ళీ గీయమన్నాడు.

గీత ఎడమ అంచు నుంచి బయల్దేరింది. కొంచెం వణికింది. పడగెత్తినట్టు లేచింది, పడింది, మళ్ళీ లేచింది. రక్తంలో, దారిలో, ఏ గడ్డా తగలకుండానే మూత తెరుచుకుంటోంది.

"తాళంలో రెండు పోగులు మార్చేశారు. పరిగెత్తండి!" అని అరిచింది అమృత.

లాన్‌లో హిమజ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ముహూర్తం పోతోంది శాస్త్రిగారూ! పాలు కూడా పొంగిపోయాయి!"

"ఇంకా ఉందమ్మా, ఘడియ ఉంది."

"మరి కానివ్వండి డాక్టర్," అన్నాడు గ్రెగ్ మర్యాదగా, ఫోన్ ముందుకి చాపి. "ఒక్క వేలు."

హిమజ బొటనవేలు ఆనించింది. ఫోన్ ఒప్పుకోలేదు. మళ్ళీ. ఒప్పుకోలేదు. పొద్దుటి నుంచి గడపలకి రాసి రాసి వేలినిండా పసుపు. గ్రెగ్ మర్యాద పలచబడింది. జేబురుమాలు తీసి ఆమె వేలు తనే తుడిచాడు. హిమజ మూడోసారి వేలు ఎత్తింది.

"హిమజ గారూ, ఆగండి!"

విద్యాసాగర్ ఉత్తకాళ్ళతో గడ్డి మీద జారుతూ వచ్చి, తెరిచిన లాప్‌టాప్ ఆమె ముఖానికీ ఫోన్‌కీ మధ్య పెట్టాడు. వేలు తెరకి తగిలింది. గీత లేచిన చోట పసుపు మరక పడింది.

ఆమె చూసింది. శాస్త్రవేత్త కదా, ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. "శేషయ్యగారు," అంది. అంతే. గ్రెగ్ చేతిలోంచి ఫోన్ లాక్కుని ఆస్పత్రికి డయల్ చేసింది.

గ్రెగ్ అప్పటికే గుమ్మం దగ్గరున్నాడు. కానీ అరవై జతల చెప్పులు! జనం తొక్కిడికి అన్నీ కలిసిపోయాయి. తన నల్లబూట్లు కనపడక, దొరికిన జతలో కాళ్ళు ఇరికించుకుని కారు దగ్గరికి పరిగెత్తాడు. కారు వెనక ఇంకో కారు, దాని వెనక వ్యాను, వ్యాను వెనక పక్కింటావిడ పిలిచిన ఫైరింజన్. పాతికేళ్ళు ఆక్లండ్‌లో ఉన్నవాడు తెలుగువాళ్ళ ఫంక్షన్‌కి వస్తే కారు వీధి చివర పెట్టుకోవాలని నేర్చుకోలేదు. ఇరుకు చెప్పుల్లో మడమ మెలిపడి, పులిహోర బేసిన్ పట్టుకుని నిలబడ్డ మధుసూదనరావు ముందు బోర్లా పడ్డాడు.

"భోజనం చెయ్యకుండా వెళ్ళకూడదు బాబూ," అన్నాడు చీఫ్, అతని చేతికి బేడీ తగిలిస్తూ.

*

అలారాలు ఆగాక లోకం కొత్తగా ఉన్నట్టనిపించింది. ఫైర్‌మన్ ఒకతను కట్టర్‌తో అమృత కంకణం తెంపాడు. తెల్లబడ్డ మణికట్టుని ఆమె చాలాసేపు రుద్దుకుంటూ కూర్చుంది.

"సీసా అర్థం చేసుకున్నా గాని, నిన్ను అనుమానించానమ్మాయ్," అన్నాడు చీఫ్.

"నా మీద నాకే అనుమానం వచ్చింది అంకుల్. మీదేముంది. పులిహోర పెట్టండి."

హిమజ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. "సూది పట్టుకొచ్చి మళ్ళీ తీసుకుపోయారమ్మా," అంటున్నాడు శేషయ్య. "మూత ఊడిందా?"

"ఊడింది శేషయ్యగారూ. మళ్ళీ బిగిస్తాను. కొన్నాళ్ళు పడుతుంది." పసుపు వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఆపేసింది. "కొన్నాళ్ళు..."

"నిదానంగా బిగించు తల్లీ. తొందరపడితే బస్సే పక్కకి పోతుంది. అక్కడ ప్లాట్ బాబు ఉన్నాడా? చూస్తానన్నాడు. చూసినట్టున్నాడు."

విద్యాసాగర్ పక్కకి తిరిగాడు. ఒంటరిగా వచ్చారా అని అడగకుండా ఎవరో పెద్దావిడ అతని చేతిలో విస్తరి పెట్టి వెళ్ళింది.

"శాస్త్రిగారూ, ముహూర్తం తప్పిపోయిందిగా?" అంది హిమజ.

"ఎందుకు తప్పుతుందమ్మా? పాలు పొంగాయి. ఆ క్షణానికి చెడు మాట చెవిన పడకుండా గట్టిమేళం మోగాలి. మోగిందిగా! ఇంత గట్టిమేళం నా సర్వీసులో వినలేదు."

అందరూ వెళ్ళాక గుమ్మం ముందు ఒకే జత మిగిలింది. మెరిసే నల్లబూట్లు. గ్రెగ్ ఇరికించుకుపోయిన పాత చెప్పులు ఎవరివో అప్పుడు తెలిసింది. విద్యాసాగర్ వేరే దారిలేక వాటిలో కాళ్ళు పెట్టాడు. కాస్త వదులు. కారు దాకా నడుస్తుంటే ఎడమ మడమలో ఏదో సన్నగా టిక్కు టిక్కుమంటోంది. జేబులో పెన్ను మెల్లగా వెచ్చబడుతోంది.

చీఫ్‌కి సోమవారం చెప్పవచ్చులే అనుకున్నాడు. ఆ మడమలోంచి వింటున్నవాళ్ళెవరో, వాళ్ళ కోసం కారెక్కి తలుపు వేసుకుని, గట్టిగా అన్నాడు. "పులిహోర బ్రహ్మాండం."